నీ కథలో పొగ లేదు

స్టోన్‌హౌస్‌పేట,
నెల్లూరు.

అబ్బయా,

నీ కథ అందింది. పద్నాలుగు పేజీలు. ఒకసారి మంచం మీద పడుకుని, ఇంకోసారి బల్ల ముందు కూర్చుని పెన్సిలుతో చదివాను. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, నువ్వు "సరే మాస్టారూ, సరే మాస్టారూ" అంటుంటే నేను మెత్తబడిపోతాను. అందుకే ఉత్తరం.

ముందు బాగున్నది చెబుతాను. ట్రంకు రోడ్డు మీద నాలుగంతస్తుల బట్టల షాపు. ఆషాఢం సేలుకు ముందురోజు రాత్రి. షట్టరు సగం దించేసి, మూడో అంతస్తులో ఆరుగురు అమ్మాయిలు చీరలు మడతపెడుతుంటారు. వాళ్ల చెప్పులు మెట్ల పక్కన జతలు జతలుగా ఉంటాయి, అందులో ఒక జతకి పిన్నీసు పెట్టి ఉంటుంది. ఆ పిన్నీసు నాకు తట్టనందుకు కాస్త ఈర్ష్య పడ్డాను.

సెల్లారులో మంట అంటుకున్నాకే కథ చెడిపోయింది.

మంటలు నాలుకలు చాచాయి అని రాశావు. నలభై ఏళ్లుగా తెలుగు కథల్లో ఆ నాలుకలు చాస్తూనే ఉన్నాయి, వాటిని కాసేపు నోట్లో పెట్టుకోనీ. అసలు తప్పు అది కాదు. నీ షాపు అరగంట కాలింది, అంతసేపూ అన్నీ కనపడుతూనే ఉన్నాయి. హీరో మెట్లెక్కుతుంటే గోడ మీద సేలు పోస్టరు చదువుతాడు. మూల నక్కిన అమ్మాయి కళ్లలో నీళ్లు చూస్తాడు. నీ కథలో పొగ లేదబ్బయా. బట్టల షాపు కాలితే చివరిదాకా ఉండేది పొగే. పాలిస్టరు చీరలు, ప్లాస్టిక్ కవర్లు, థర్మోకోలు, ప్లైవుడ్ రాకులు, ఫాల్స్ సీలింగు, ఇవన్నీ కాలితే వచ్చే నల్లటి పొగలో చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ఫైర్‌మన్ మోకాళ్ల మీద పాకుతాడు. ఒక చెయ్యి గోడ మీద నుంచి తియ్యడు, ఎందుకంటే తిరిగి రావడానికి ఆ గోడే దారి.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు చనిపోయారు, అందరూ వయసు పిల్లలే. వాళ్లను తీసుకుపోయింది మంట కాదు, పొగ. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడు మన రక్తాన్ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి వాసనా రంగూ లేవు. మనిషికి ముందు తల తిరుగుతుంది, తర్వాత దారి తోచదు. కిటికీ రెండడుగుల దూరంలో ఉన్నా అటు పోవాలనిపించదు. నీ అమ్మాయిలు మెట్ల మీద కేకలేస్తూ పరిగెత్తారు. సెల్లారులో మంట పుడితే మెట్ల దారే పొగగొట్టం అవుతుంది. వాళ్లు పరిగెత్తేది ఆ గొట్టంలోకే.

ఇంకో సంగతి. ఆ పొగ ఇంధనం కూడా. సగం కాలిన వాయువులు పైకప్పు కింద పోగై గాలి కోసం కాచుకుని ఉంటాయి. నీ హీరో వచ్చీ రాగానే సుత్తితో ముందు అద్దం బద్దలు కొడతాడు, జనం చప్పట్లు కొడతారు. నాకు అక్కడ పెన్సిలు విరిగింది. పైపులో నీళ్లు ఎక్కకముందే, లోపల ఏముందో చూడకముందే అంత పెద్ద అద్దం పగలగొడితే మంటకి మనమే ఊపిరి ఊదినట్టు. అమెరికాలో చార్ల్‌స్టన్ అనే ఊళ్లో 2007 జూన్ 18 సాయంత్రం ఒక సోఫాల షోరూము కాలింది. మంట వెనకవైపు సామాను దించే చోట మొదలైంది. ముందు వెళ్లినవాళ్లకు షోరూము దాదాపు మామూలుగానే కనిపించింది, పొగ పెద్దగా లేదు. అదంతా ఫాల్స్ సీలింగు పైన చేరుతోంది. తర్వాత పొగ కిందికి దిగింది, ముందువైపు అద్దాలు పగిలాయి, గాలి దూరింది, హాలంతా భగ్గుమంది, కప్పు కూలింది. తొమ్మిదిమంది ఫైర్‌మెన్ ఇంటికి పోలేదు.

తలుపులన్నీ మూసి ఉన్న షాపులో మంట కనపడకుండా, అద్దాలు లోపలినుంచి నల్లబడి, తలుపు సందుల్లోంచి పొగ ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి పోతుంటే అనుభవమున్న ఆఫీసరు తన మనుషుల్ని వెనక్కి పిలుస్తాడు. భవనం ఊపిరి తీస్తున్నట్టు ఉంటుందది. గాలి దారి పై నుంచి ఇస్తారు, అదీ కింద నీళ్లు సిద్ధమయ్యాక. నీ కథకి ఆ ఊపిరి తీసే తలుపు చాలు, నాలుకలు అక్కర్లేదు.

ఇదంతా నేనేదో తెలిసి పుట్టినట్టు చెబుతున్నానని అనుకోకు. ఎనభైల్లో ఒంగోలు దగ్గర ఒక పత్రికకి విలేకరిగా ఉన్నప్పుడు ఒక పొగాకు గోడౌను కాలింది. ఇనుప దూలాలు, పైన సిమెంటు రేకులు, లోపల కప్పు దాకా పొగాకు బేళ్లు. నేను సైకిలు మీద పోయేసరికి ఫైరింజను వచ్చి ఉంది. కానీ నీళ్లు కొట్టేది కాలుతున్న గోడౌను మీద కాదు, పక్క గోడౌను గోడ మీద! జనం బూతులు తిడుతున్నారు. "మంట ఈడుంటే నీళ్లు ఆడేందయా?" అని ఒక ముసలాయన పైపు పట్టుకున్నవాడి చొక్కా లాగాడు. రేకులు వేడికి ఢాం ఢాం అని పేలుతున్నాయి. ఒక్క ఫైర్‌మన్ కూడా లోపలికి పోలేదు. నేను మర్నాడు "సిబ్బంది చోద్యం చూస్తూ నిలబడ్డారు" అని రాశాను. ఆ వాక్యం నాకప్పుడు భలే నచ్చింది కూడా.

వారం తర్వాత టీ అంగట్లో ఆ రాత్రి ఉన్న లీడింగ్ ఫైర్‌మన్ కనిపించాడు. కోప్పడలేదు. "లోపల ఎవరూ లేరని వాచ్‌మన్ చెప్పాడు సార్. పొగాకు కోసం నా పిల్లోళ్లని ఆ కప్పు కిందికి పంపమంటారా?" అన్నాడు. ఇనుము కరగక్కర్లేదట. 550 డిగ్రీల దగ్గరే దాని బలం సగానికి పడిపోతుంది. పది మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే ఆరు సెంటీమీటర్లు సాగి, తనను మోసే గోడనే బయటికి తోస్తుంది. అందుకే గోడ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడతారు. కాలేది ఎలాగూ పోయింది, కాలనిదాన్ని తడుపుతారు. ఆయన చెబుతుంటే నాకు గుర్తొచ్చింది. నేను నోట్‌బుక్కు మూసి బయల్దేరిన పావుగంటకి ఆ కప్పు కూలిందని మర్నాడు ఎవరో అన్నారు. నేను విన్నాను, రాయలేదు. పక్క గోడౌను ఇప్పటికీ ఉంది. బస్సులో పోయినప్పుడల్లా దాని వైపు చూస్తాను.

కాబట్టి నీ ఆఫీసరు గురించి. నీ కథలో ఆయన జీపు దిగుతూనే "తొందరగా, తొందరగా!" అని అరుస్తాడు. నిజం ఆఫీసరు ముందు నడుస్తాడు. వీలైతే భవనం నాలుగు పక్కలా చూసి వస్తాడు. మన ట్రంకు రోడ్డులో, చిన్నబజారులో గోడకి గోడ ఆనుకుని ఉంటే వెనక సందులోకి ఒకణ్ణి పంపుతాడు. పొగ రంగేమిటి, ఎంత వేగంగా వస్తోంది, గాలి ఎటు? వేసవిలో మనకు పగలంతా పడమటి గాలి, సాయంత్రానికి సముద్రం గాలి తిరుగుతుంది. ఏ పక్క షాపు ముందు అంటుకుంటుందో ఆ గాలే చెబుతుంది. లోపల ఎంతమంది, ఏ అంతస్తులో, మెట్లు ఎన్ని, కరెంటు తీసేశారా, సెల్లారులో జనరేటరు డీజిలు ఉందా? ఇవి అడగడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. జనానికి ఆ నిమిషాలు తాత్సారంలా కనిపిస్తాయి. నీ కథకి అవి బంగారం. షాపు ముందంతా ఏసీపీ షీట్లు, అంటే మెరిసే అల్యూమినియం పలకలు, కప్పేసి ఉంటాయి కదా, వాటి వెనక కిటికీలు ఎక్కడున్నాయో రోడ్డు మీద నిలబడ్డవాడికి తెలీదు. నిచ్చెన ఎక్కడ వెయ్యాలి? ఆఫీసరు తలెత్తి ఆ మెరిసే రేకుని చూస్తూ నిలబడ్డాడని ఒక్క వాక్యం రాయి. టెన్షన్ అదే వస్తుంది.

నీళ్ల లెక్క కూడా నీకు రాలేదు. నీ ఫైరింజను అరగంటసేపు ఆగకుండా కొట్టింది. మామూలు ఇంజనులో నాలుగున్నర వేల లీటర్లు పడతాయి. ఒక్క పైపు నిమిషానికి 450 లీటర్లు పోస్తే పది నిమిషాలు, రెండు పైపులైతే ఐదు. ఆ తర్వాత రెండో ఇంజను రావాలి, లేదా మునిసిపాలిటీ ట్యాంకర్ల వరస మొదలవ్వాలి. ఆ ట్యాంకరు గాంధీబొమ్మ దగ్గర జనంలో ఇరుక్కుంటే? షాపులో నీళ్ల ట్యాంకూ పంపూ నిబంధన ప్రకారం ఉండి, పంపుకి కరెంటు లేకపోతే? ఇక్కడ నాలుగు పేజీల కథ ఉంది, నువ్వు దాని మీద నుంచి దూకి పోయావు.

ఇప్పుడు హీరో. ఒంటరిగా లోపలికి పోయాడు. ఎవరూ అలా పోరు, పోనివ్వరు. ఇద్దరు కలిసి పోతారు, బయట ఇంకో ఇద్దరు తయారుగా ఉంటారు, లోపలివాళ్లకి ఏదన్నా అయితే తేవడానికి. ఇక ఆ మాస్కు తీసి అమ్మాయికి పెట్టడం సినిమాలో బాగుంటుంది. మాస్కు తీసినవాడు నాలుగు ఊపిరులకే పడిపోతే, మొయ్యాల్సింది ఇద్దర్ని.

నిన్ను ఎక్కువసేపు నిలబెట్టాలనుకున్న చోటు ఇది. వీపు మీద గాలి సిలిండరు పెట్టుకుని లోపలికి పోయేవాళ్లు వాకిట్లో ఒకడికి తమ పేరు బిళ్ల ఇచ్చి పోతారు. అతని చేతిలో ఒక బోర్డు, గడియారం. ఫలానావాడు 10.42కి లోపలికి పోయాడు, సిలిండరులో గాలి ఒత్తిడి 300 బార్ ఉంది అని రాసుకుంటాడు. ఆరు లీటర్ల సిలిండరంటే 1,800 లీటర్ల గాలి. కష్టపడే మనిషి నిమిషానికి నలభై, యాభై లీటర్లు పీలుస్తాడు. కాగితం మీద దగ్గర దగ్గర ముప్పావుగంట. భయం, పన్నెండు పదిహేను కిలోల సెట్టు, చేతిలో నీళ్లు నిండిన పైపు, మూడంతస్తుల మెట్లు కలిపితే అరగంట కూడా రాకపోవచ్చు. లోపలికి పోవడానికి ఎంత గాలి ఖర్చైందో బయటికి రావడానికీ అంత కావాలి. యాభై బార్ దగ్గర, గాలి అయిపోవస్తోందని సెట్టులోంచి ఈల మోగుతుంది. ఈల మోగాక బయల్దేరడం కాదు, ఈల మోగేలోపు వాకిలి దగ్గరుండాలి. ఆ బోర్డువాడు మంట వైపు చూడడు. గడియారం చూస్తాడు, పేరు చూస్తాడు, తలుపు చూస్తాడు. అవతల జనం అరుస్తుంటారు, అతను కూడికలు, తీసివేతలు చేస్తుంటాడు. ఏ బిళ్ల ఇంకా తన దగ్గరే ఉండిపోయిందో అతనికే తెలుసు. నేనైతే కథ మొత్తం ఇతని పక్కన నిలబడి రాసేవాణ్ణి. నీ హీరోని లోపలికి పంపించు, మనం మాత్రం పోవద్దు.

మంట ఆరగానే కథ ముగించావు, అది కూడా మార్చు. బట్ట మూటల్లో నిప్పు లోలోపల రాజుకుంటూనే ఉంటుంది. పొగాకు బేళ్ల ఊళ్లో పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా? ఒక్కో మూట బయటికి లాగి, విప్పి, తడిపి, చల్లార్చేసరికి తెల్లారుతుంది. పైగా రాత్రంతా కొట్టిన నీళ్లు ఎక్కడికి పోయాయి? ఒక్క ఇంజను నీళ్లే నాలుగున్నర వేల లీటర్లు, అంటే నాలుగున్నర టన్నులు. బట్ట పీల్చుకున్నది పీల్చుకోగా మిగతాది సెల్లారులో నిలబడి ఉంటుంది. తడిసిన మూటల బరువుతో మూడో అంతస్తు నేల ఆగుతుందా లేదా అని చూసేవాడు కూడా కావాలి. తెల్లవారుజామున ఫైర్‌మెన్ మెట్ల మీద కూర్చుని టీ తాగే చోట నీ చెప్పుల జతల్ని మళ్లీ చూపించు. ఎన్ని జతలున్నాయో నువ్వే తేల్చుకో, నేను చెప్పను.

ఒంగోల్లో ఫైర్ స్టేషనుకి ఒకసారి పో. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి ఫైర్‌మెన్ ఎంతోమంది పోయారు, వాళ్ల జ్ఞాపకంగా చేస్తారు. ఆ వారంలో సామానంతా బయటపెట్టి చూపిస్తారు. అడిగితే సిలిండరు వీపుకి కట్టుకోనిస్తారేమో. కట్టుకుని ఒక అంతస్తు ఎక్కి దిగు. మాస్కులో నీ ఊపిరి నీకే ఎట్లా వినపడుతుందో ఆ రాత్రే రాసి పెట్టుకో, రెండ్రోజులు ఆగితే మరిచిపోతావు. వాళ్లని పెద్ద ప్రశ్నలు అడక్కు. "భయం వేస్తుందా?" అంటే "అలవాటైపోయింది సార్" అంటారు, అంతటితో అయిపోతుంది. బూట్లు ఎక్కడ పెడతారు, బెల్లు మోగితే అన్నం పళ్లెం ఎవరు తీస్తారు, అలాంటివి అడుగు.

ఇంకొక్కటి అడగాలి. మొదటి పేజీలో నీ వాచ్‌మన్ మిద్దె పైకి పోయే తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటాడు. మూడో పేజీలో టీ తాగడానికి ఆత్మకూరు బస్టాండు వైపు పోతాడు. ఆ తర్వాత కథలో మళ్లీ కనపడడు. అమ్మాయిలు ఆరుగురూ పైకే పరిగెత్తారు కదా. అతను ఎప్పుడు తిరిగొచ్చాడు? లోపల ఎవరున్నారని ఆఫీసరు అడిగితే ఏం చెప్పాడు? అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు