పాత సియర్స్ రైఫిల్: ధర ఎంత, ఎవరికి అమ్మవచ్చు?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. గ్రీన్ కార్డు ఉంది. పక్కింటి పెద్దాయన కిందటి ఏడాది చనిపోయారు. ఆయన భార్య ఇల్లు ఖాళీ చేసి ఓక్లహోమాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయే ముందు, ఇన్నాళ్లూ చేదోడుగా ఉన్నానని ఆయన వేట రైఫిల్ నాకు ఇచ్చారు. లివర్‌తో పనిచేసే రకం. బ్యారెల్ మీద సియర్స్, టెడ్ విలియమ్స్, మోడల్ 100, 30-30 అని ఉంది. ఇది నిజానికి వించెస్టర్ కంపెనీదేనని, రెండు వేల డాలర్లు పలుకుతుందని ఒకరన్నారు. నాకు దానితో పని లేదు. హెచ్-1బి వీసా మీద ఉన్న ఆఫీసు మిత్రుడు అడుగుతున్నాడు. ఓక్లహోమాలో సిటిజన్‌గా స్థిరపడిన మా బావమరిది కూడా అడుగుతున్నాడు. ఎంతకు, ఎవరికి అమ్మమంటారు?

జవాబు: మీకు చెప్పినాయన మాటలో సగం నిజం. సియర్స్ అన్నది పెద్ద దుకాణాల సంస్థ, ఆ కాలంలో ఇలాంటి రైఫిళ్లు సొంతంగా చేసేది కాదు. వేరే కంపెనీల చేత చేయించి తన పేరు కొట్టించుకుని అమ్మేది. టెడ్ విలియమ్స్ బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ ఆటగాడు. 1960లో ఆట మానేశాక ఆయన పేరు మీద సియర్స్ క్రీడా సామగ్రి, వేట సామగ్రి అమ్మింది. మీ చేతిలో ఉన్న మోడల్ 100, లోపల వించెస్టర్ కంపెనీ మోడల్ 94 రైఫిలే.

రెండు వేల లెక్క ఎక్కడ తప్పిందంటే, వించెస్టర్ 94లో పాత తుపాకులు పోగుచేసే సేకర్తలు వెంటపడేవి 1964కు ముందువి. ఆ ఏడాది కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చింది. అంతకుముందు చెక్కి చేసిన కొన్ని భాగాల స్థానంలో రేకు నుంచి అచ్చుకొట్టినవి వచ్చాయి. మోడల్ 100 ఆ మార్పు తర్వాతిది. ఆపైన వించెస్టర్ అన్న పేరే దాని మీద లేదు. గురి చూసి కాల్చేవాడికి ఆ తేడా పట్టదు, సేకర్తకు మాత్రం పేరే సగం విలువ. అందుకే ఒకే స్థితిలో ఉన్న రెండింటిలో దుకాణం పేరున్నది తక్కువకే పోతుంది. పైగా మోడల్ 94 అరుదైనదేమీ కాదు, 70 లక్షలకు పైగా తయారైంది. మామూలుగా వాడిన మోడల్ 100కు వెయ్యి దాటి ఇచ్చేవాళ్లు తక్కువ. వందల్లోనే అనుకుని మొదలుపెట్టండి.

ఆ వందలు ఎన్ని అన్నది స్థితి తేలుస్తుంది. పగటి వెలుగులో ఒకసారి పరిశీలనగా చూడండి. అయితే ముట్టుకునే ముందు తూటాలు లేవని తెలిసినవాళ్ల చేత నిర్ధారించుకోండి. బ్యారెల్ కింద గొట్టంలో ఒకటి ఉండిపోవడం కొత్త కాదు. తర్వాత రిసీవర్, అంటే బ్యారెల్ వెనక యంత్రభాగాలుండే లోహపు పెట్టె, దాని పక్క భాగం చూడండి. ఈ రైఫిల్ ఖాళీ తూటాను పైకి విసురుతుంది. అందువల్ల దుర్భిణి నడినెత్తిన బిగించడానికి వీలుండదు. పక్కన బిగించుకోవాలని పాత యజమానులు డ్రిల్లుతో చిల్లులు వేయించేవారు. కంపెనీ వేయని చిల్లు ఒక్కటున్నా ధర దిగుతుంది. చెక్కకు ఇసుక కాగితం పెట్టి పాలిష్ పట్టినా అంతే. తుప్పు మరకలు ఉన్నాయని మీరు గీకి, రంగు వేయించి, కొత్తదానిలా చేయాలని చూడకండి. ఆ శ్రమకు వచ్చేది నష్టమే.

ధర కోసం బ్లూ బుక్ ఆఫ్ గన్ వాల్యూస్ చూడండి. దుకాణం పేరున్న తుపాకి అసలు ఏ మోడలో అందులో పట్టిక ఉంటుంది. గన్‌బ్రోకర్ అనే ఆన్‌లైన్ వేలం సైటులో అడుగుతున్న ధరలు పట్టించుకోవద్దు. అమ్ముడైపోయినవి ఎంతకు పోయాయో మాత్రమే చూడండి. దుకాణదారు నగదుకు కొంటే తన లాభం మినహాయించుకుని బాగా తగ్గించే ఇస్తాడు. కమీషన్ మీద అమ్మిపెట్టమంటే కాస్త ఆలస్యమైనా మీకు ఎక్కువ మిగులుతుంది.

ఇక అది మీ సొత్తేనా? గ్రీన్ కార్డు ఉన్నవారు తుపాకి ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డు కాదు. ఆవిడ టెక్సస్ నివాసిగా ఉండగానే ఇచ్చారు కాబట్టి ఆ కోణంలోనూ చిక్కు లేదు. కానీ ఆయన విల్లులో దీన్ని ఏ మనవడికో రాసి ఉంటే మొత్తంగా ఇచ్చే హక్కు ఆవిడకు ఉండదు. సీరియల్ నంబరు వేసి, బహుమతిగా ఇచ్చామని తల్లీకూతుళ్లిద్దరి చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకోండి. ఆ నంబరు ఎవరో చెరిపేసినట్టు కనిపిస్తే అమ్మకం మాట పక్కనపెట్టి ముందు వకీలును కలవండి. అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం.

మీ ఆఫీసు మిత్రుడి విషయంలో నా జవాబు: వద్దు. ఫెడరల్ చట్టం 18వ టైటిల్ 922వ సెక్షన్ ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, బి-2 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి కానీ, తూటా కానీ కలిగి ఉండకూడదు. అతని వీసా సంగతి తెలిసి అమ్మితే మీది కూడా నేరమే. 2022లో వచ్చిన చట్టం ఈ రెండు నేరాలకూ శిక్షను 15 ఏళ్ల దాకా పెంచింది. అంతకంటే పెద్ద గండం ఇంకొకటుంది. తుపాకి చట్టం కింద నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపించవచ్చు. కొన్ని వందల డాలర్ల కోసం ఆ తలనొప్పి ఎందుకు?

వీసా మీద ఉన్నవారికున్న ఈ నిషేధానికి మినహాయింపులున్న మాట నిజమే. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. మీ మిత్రుడికి అది ఉంటే డీలరు ద్వారానే, కాగితాలతో జరగనివ్వండి. లేకపోతే, గ్రీన్ కార్డున్న ఇంకొకరి పేరు మీద కొనిపెట్టే ఉపాయం ఎవరైనా చెబుతారు. అది విడిగా మరో నేరం. మన కుర్రాళ్లు వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి తుపాకి పట్టుకుని ఫొటోలు పెడుతుంటారు, వీసా మీద ఉండి వేట లైసెన్సు లేనివాళ్లు తమ మీద తామే సాక్ష్యం తయారుచేసుకుంటున్నారు.

బావమరిదికి నిరభ్యంతరంగా అమ్మవచ్చు, చేతికి మాత్రం ఇవ్వకూడదు. సంక్రాంతికి వచ్చినప్పుడు కారు డిక్కీలో పెట్టి పంపుదామని అనిపిస్తుంది. వేరే రాష్ట్రంలో నివసించేవారికి డీలరు లైసెన్సు లేని వ్యక్తి తుపాకి అమ్మినా, ఊరికే ఇచ్చినా ఫెడరల్ నేరమే. బంధువైనా మినహాయింపు లేదు. అతను టెక్సస్ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్లండి. కొనేవారు తమ వివరాలు రాసిచ్చే ఫెడరల్ ఫారం 4473ను అతను నింపితే, డీలరు ఫెడరల్ తనిఖీ చేసి అక్కడే అప్పగిస్తాడు. రైఫిల్ కాబట్టి ఈ వెసులుబాటు ఉంది, పిస్తోలైతే అతని రాష్ట్రంలోని డీలరుకే పంపాలి.

టెక్సస్ వాసికే అమ్మదలిస్తే డీలరు తప్పనిసరి కాదు. అయినా కొనేవారి టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు చూసి, పేరు, తేదీ, సీరియల్ నంబరు, ధరలతో రసీదు రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. చట్టం అడగదు గానీ, రేపు ఆ రైఫిల్ ఎక్కడైనా దొరికితే పోలీసులు అడుగుతారు. ఉన్న ఒక్కటీ అమ్ముకోవడానికి మీకు వ్యాపార లైసెన్సు అక్కర్లేదు. లాభం కోసం కొని అమ్మడం మొదలుపెడితే కావాలి.

పన్ను గురించి బెంగపడకండి. బహుమతి మీకు ఆదాయం కాదు, అమ్మితే మిగిలే లాభం కూడా నామమాత్రమే.

అమ్మేదాకా దాన్ని తాళం వేసి ఉంచండి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. మీ అమ్మానాన్నలో అత్తమామలో బి-2 సందర్శక వీసా మీద వచ్చి ఇంట్లో ఉంటే, వాళ్ల చేతికి అందేలా ఉన్న తుపాకి వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టేనని ప్రాసిక్యూటరు వాదించే అవకాశం ఉంది.