కిల్న్ కన్నా ముందు యార్డు నేర్చుకో

చి. రాజేందర్‌కు పెద్దనాయిన ఆశీస్సులు.

విశాఖపట్నంలో పెట్రోలియం కోక్ (రిఫైనరీలో అడుగున మిగిలినదాని నుంచి వచ్చే నల్లటి కార్బన్ సరుకు) కాల్చే ప్లాంటులో ట్రైనీ ఇంజనీరుగా చేరుతున్నావని మీ నాయిన చెప్పాడు. చాలా సంతోషమైంది. చేరేలోపు ఏం చదవాలో పెద్దనాయినను అడిగి చెప్పమన్నావట. హుజూర్‌నగర్ పక్క సిమెంట్ కిల్న్ (తిరిగే గొట్టం లాంటి పెద్ద బట్టీ) మీద పని మొదలుపెట్టి, చివరికి కోక్ కిల్న్ దగ్గర రిటైరైనవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు యార్డు (ముడిసరుకు కుప్పలు పోసే చోటు), ల్యాబు నేర్చుకో. కిల్న్ సంగతి తర్వాత. కొత్తగా చేరిన పిల్లలందరికీ కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ల ముందు కూర్చోవాలనే ఆరాటం ఉంటుంది. నువ్వు తొందరపడకు. కార్బన్ కంపెనీ బాగుపడేది, దెబ్బతినేది ముడిసరుకు దగ్గరే. ఈ రంగం చరిత్ర చదివితే నీకే తెలుస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మన పాత నల్లగొండ జిల్లాతోనే మొదలుపెడతా. మేళ్లచెర్వు మండలం రామాపురంలో ప్రియా సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది కదా. దాని కంపెనీ 1974లో సిమెంట్ కోసం పుట్టింది, చాలా ఏళ్లు ప్రియదర్శిని సిమెంట్ అనే పేరుతో నడిచింది. రెయిన్ కాల్సైనింగ్ అనే కంపెనీ 1998లో విశాఖలో పెట్రోలియం కోక్ కాల్చడం మొదలుపెట్టింది. 2007లో రెండూ కలిసిపోయాయి. అదే ఏడాది అమెరికాలోని సీఐఐ కార్బన్‌ను 59.5 కోట్ల డాలర్లకు కొన్నారు. 2013 జనవరిలో యూరప్‌లోని రట్గర్స్‌ను 70 కోట్ల యూరోలు పెట్టి కొన్నారు. ఈరోజు దాని పేరు రెయిన్ ఇండస్ట్రీస్, హెడ్డాఫీసు హైదరాబాద్‌లో. మన సున్నపురాయి నేల మీద సిమెంట్ చేసే కంపెనీ, ప్రపంచంలో అల్యూమినియం ఫ్యాక్టరీలకు కార్బన్ అమ్మే పెద్ద కంపెనీల్లో ఒకటైంది. ఇది మన దగ్గర చదువుకున్న పిల్లలకు కూడా తెలియదు. నాకైతే అది బాధగా ఉంటుంది.

ఆ రెండో కొనుగోలు ఎందుకు చేశారో ఆలోచించు. అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ 1886లో ఎవరికి వారు కనిపెట్టిన పద్ధతిలోనే ఇప్పటికీ అల్యూమినియం తీస్తున్నారు. అందులో కరెంటు పంపే కార్బన్ దిమ్మ, అంటే ఆనోడ్, పని జరుగుతున్నకొద్దీ తరిగిపోతుంది. టన్ను అల్యూమినియం తీస్తే 400 కిలోలకు పైగా కార్బన్ ఖర్చవుతుంది. ఆనోడ్‌లో ముఖ్యమైనవి రెండు: కాల్చిన పెట్రోలియం కోక్, దాన్ని అంటిపెట్టి ఉంచే తారు పిచ్ (బొగ్గు తారును బట్టీ పట్టాక మిగిలేది). కోక్ రెయిన్ దగ్గర ఉంది. పిచ్ రట్గర్స్ దగ్గర ఉంది.

ఇక్కడ గమనించాల్సింది, ఆ రెండూ ఇంకొకరు వదిలేసిన సరుకే. క్రూడ్ నుంచి పెట్రోలు, డీజిలు తీయగా రిఫైనరీలో అడుగున మిగిలిన చిక్కటి పదార్థం నుంచి కోక్ వస్తుంది. స్టీలు ప్లాంటు కోసం బొగ్గును కోక్ చేసేటప్పుడు తారు వస్తుంది. జర్మనీలో జూలియస్ రట్గర్స్ అనే ఆయన 1849లో రైలు స్లీపర్లు చీకిపోకుండా తారు నూనె పట్టించే పనితో మొదలుపెట్టాడు. నూనె కోసం తర్వాత బెర్లిన్ దగ్గర ఎర్క్‌నర్‌లో తారు బట్టీ పెట్టాడు. అప్పట్లో దీపాల గ్యాస్ తయారుచేసేవాళ్లకు తారు ఎక్కడ పారబోయాలో తెలియని పీడ. ఆయన దాన్నే సరుకు చేసుకున్నాడు.

గ్రాఫైట్ కథ కూడా చదువు. మీ ప్లాంటులో గ్రాఫైట్ చేయకపోయినా చుట్టాల సంగతి తెలియాలి. ఎడిసన్ దగ్గర పనిచేసిన అచెసన్ 1891లో మట్టి, కోక్ కలిపి కరెంటు కొలిమిలో కాల్చి సిలికాన్, కార్బన్ కలిసిన కార్బొరండం అనే గట్టి పదార్థం కనిపెట్టాడు. దాన్ని ఇంకా వేడి చేస్తే సిలికాన్ ఆవిరైపోయి శుద్ధమైన గ్రాఫైట్ మిగిలింది. 1896లో పేటెంటు వచ్చింది. 1899లో నయాగరా ఫాల్స్ దగ్గర కంపెనీ పెట్టాడు, అక్కడ జలపాతం కరెంటు చౌక కాబట్టి. 1928లో అది నేషనల్ కార్బన్‌తో కలిసింది. చిన్నప్పుడు మేము పాత ఎవరెడీ సెల్లు పగలగొట్టి గోడల మీద గీతలు గీసిన నల్ల పుల్ల ఉంటుంది చూడు, అలాంటి సెల్లులు చేసిన కంపెనీయే ఈ నేషనల్ కార్బన్.

కరెంటుతో స్టీలు కరిగించే ఆర్క్ ఫర్నేసుల్లో కరెంటు పంపడానికి వాడే గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌కూ కోక్, పిచ్ రెండే ఆధారం. కాకపోతే దానికి నీడిల్ కోక్ అనే మేలురకం కావాలి. మన దేశంలో దుర్గాపూర్‌లో గ్రాఫైట్ ఇండియా, భోపాల్ దగ్గర మండిదీప్‌లో హెచ్‌ఈజీ ఈ పని చేస్తాయి. 2017లో చైనా కాలుష్యం పేరుతో ఫ్యాక్టరీలు మూయించింది, నీడిల్ కోక్ కరువైంది, ఎలక్ట్రోడ్ ధర ఎన్నో రెట్లు పెరిగింది. 2018-19లో హెచ్‌ఈజీ లాభం సుమారు 3,000 కోట్ల రూపాయలు. మరుసటి ఏడాదికి ఆ లాభం దాదాపు అడుగంటింది. మిషన్లు, మనుషులు అంతకుముందు ఉన్నవే.

మీ రంగానికీ అలాంటి దెబ్బే తగిలింది. పెట్రోలియం కోక్ పొగ మీద కేసు నడిచి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దేశంలోని కోక్ కాల్చే (కాల్సినేషన్) ప్లాంట్లన్నీ కలిపి ఏడాదికి 14 లక్షల టన్నుల పచ్చి, అంటే ఇంకా కాల్చని, కోక్ మాత్రమే దిగుమతి చేసుకోవాలని హద్దు పెట్టింది. కిల్న్ ఎంత పెద్దదైనా యార్డులో కోక్ లేకపోతే అది తిరగదు.

అందుకని చేరిన కొత్తలో పొద్దున్నే యార్డుకు పో. గ్రీన్ కోక్, అంటే ఆ పచ్చి కోక్, కుప్పలన్నీ దూరం నుంచి ఒకేలా నల్లగా కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుని చూడు. స్పాంజిలా రంధ్రాలున్నది ఆనోడ్‌కు పనికొస్తుంది. గట్టి గుండ్లలా ఉండే షాట్ కోక్ ఎక్కువైతే పిచ్ సరిగ్గా పట్టదు. ఏ కుప్ప ఏ రిఫైనరీదో, గంధకం ఎంతో, వెనేడియం అనే లోహం ఎంతో అడుగు. వెనేడియం ఎక్కువుంటే ఆనోడ్ గాలికి త్వరగా కాలిపోతుంది. గంధకం పెరిగితే పొగ సమస్య. రిఫైనరీలు బరువైన క్రూడ్ వాడేకొద్దీ ఈ రెండూ పెరుగుతాయి. అందుకే నాలుగైదు చోట్ల సరుకు కలిపి కస్టమర్ చెప్పిన లెక్కకు తెస్తారు. ఆ బ్లెండింగు చేసే మనిషి పక్కన నిలబడు. ప్లాంటులో అతని కన్నా విలువైన మనిషి లేడని నా అభిప్రాయం.

తర్వాత ల్యాబు. పచ్చి కోక్‌లో ఆవిరయ్యే పదార్థం పది శాతం పైన ఉంటుంది. 1,200 నుంచి 1,350 డిగ్రీల్లో కాల్చి దాన్ని తీసేస్తారు. సరిగ్గా కాలిందా లేదా అనేది రియల్ డెన్సిటీ (రంధ్రాలు లెక్కలోకి రాని అసలు సాంద్రత) చెబుతుంది. తొందరగా వేడెక్కిస్తే గింజలో రంధ్రాలు పెరిగి బల్క్ డెన్సిటీ (రంధ్రాలు, ఖాళీలతో కలిపి చూసే సాంద్రత) పడిపోతుంది, కస్టమర్‌కు పిచ్ ఎక్కువ పడుతుంది. ఈ రెండు అంకెలు రోజూ నీ డైరీలో రాసుకో, పక్కనే ఆ రోజు బ్లెండు రాసుకో.

ఇక కిల్న్. సెలవుల్లో నాతో వచ్చి చూసిన సిమెంట్ కిల్న్ అనుకుని పోతావేమో. గొట్టం అదే, తిరగడం అదే, లోపల సంగతి వేరు. సిమెంటులో బర్నర్‌తో బొగ్గు కాల్చి రాయిని వేడిచేస్తాం. కోక్ కిల్న్‌లో సరుకు నుంచి వచ్చే గ్యాసే మండి వేడి ఇస్తుంది. గాలి కాస్త ఎక్కువైతే అమ్మాల్సిన సరుకే మండిపోతుంది. సిమెంట్ కిల్న్‌లోంచి వచ్చే క్లింకర్ గడ్డలను గాలితో చల్లారుస్తాం, కోక్‌ను అలా చల్లార్చకూడదు, నీళ్లు చల్లుతారు. గాలి ఎక్కడ ఎంత పోతుందో తెలిస్తే సగం కిల్న్ తెలిసినట్టే. బయటికి పోయే వేడితో బాయిలర్ నడిపి కరెంటు తీస్తారు, అది తర్వాత చూసుకోవచ్చు.

ఆరోగ్యం గురించి మీ అమ్మ అడుగుతుంది కాబట్టి ఇది కూడా రాస్తున్నా. ట్రైనింగులో పిచ్ ఉన్నచోటికి పంపితే పూర్తి చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. పిచ్ దుమ్ము చర్మం మీద పడి ఎండ తగిలితే మంటెత్తుతుంది. దాని పొగ క్యాన్సర్ తెస్తుందని తేలింది. డ్యూటీ దిగగానే సబ్బుతో స్నానం చెయ్యి, ఆ బట్టలు రూముకు తీసుకుపోకు. షట్‌డౌన్‌లో కిల్న్ లోపలికి, డక్టుల్లోకి దిగాల్సి వస్తుంది. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. గ్యాస్ మీటరు రీడింగు నీ కళ్లతో చూడనిదే పర్మిట్ మీద సంతకం పెట్టకు, పైవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

ల్యాబులో ఏ పరీక్ష ఎందుకు చేస్తారో అర్థం కానివి రాసిపెట్టుకో. దసరాకు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెద్దనాయిన