జలుబు లేకుండానే ముక్కు దిబ్బడ: గర్భిణిగా నాకు ఉపయోగపడినవి

ఐదో నెల నడుస్తోందనీ, జ్వరం, తుమ్ములు ఏవీ లేకపోయినా పడుకోగానే ముక్కు మూసుకుపోతోందనీ, మందుల షాపులో దొరికే చుక్కలు వేసుకోవచ్చా అనీ అడిగారు. మీ డాక్టరు చెప్పకుండా ఆ చుక్కలు మొదలుపెట్టవద్దనే నా సలహా.

నా మొదటి కాన్పు సమయంలో నేనూ నెలల తరబడి ఇలాగే బాధపడ్డాను. నోటితో గాలి పీల్చడం వల్ల తెల్లవారేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది. గర్భిణుల్లో రక్త పరిమాణం దాదాపు 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుందనీ, దానికి హార్మోన్ల ప్రభావం తోడై ముక్కు లోపలి పొర ఉబ్బుతుందనీ మా డాక్టరు వివరించారు. మరే కారణమూ లేకుండా 6 వారాలో అంతకు మించో ఉండి, కాన్పు తర్వాత 2 వారాల్లోపు పోయే ఈ దిబ్బడను ప్రెగ్నెన్సీ రైనైటిస్ అంటారు. ఇది జలుబు కాదు కనుక పూర్తిగా పోగొట్టాలని మందు మీద మందు వాడటం కన్నా, రాత్రి నిద్ర పట్టేలా చూసుకోవడమే ముఖ్యమని నేను నమ్ముతున్నాను.

నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. ఇందుకు కుళాయి నీరు నేరుగా వాడకూడదు. మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీటిలో సెలైన్ పొడి పొట్లం కలుపుకోవాలి. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీసుకుంటూ పైనున్న ముక్కు రంధ్రంలో మెల్లగా పోస్తే నీరు రెండో వైపు నుంచి బయటికి వస్తుంది. తర్వాత గట్టిగా చీదకండి. ఈ నెలల్లో ముక్కు లోపలి పొర సున్నితంగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా రక్తం వస్తుంది. పడుకోబోయే ముందు ఇలా చేస్తే నాకు రాత్రి మొదటి జాము హాయిగా గడిచేది.

పడుకునేటప్పుడు మెడ కింద మాత్రమే దిండు పెట్టకుండా, వీపు నుంచే ఏటవాలుగా ఎత్తు ఉండేలా అమర్చుకుని ఎడమ పక్కకు తిరగండి. ముక్కు మీద పైనుంచి అంటించుకునే పట్టీలలో మందు ఉండదు కనుక నిశ్చింతగా వాడవచ్చు. ఆవిరి కొంత ఉపశమనం ఇస్తుంది గానీ, మరిగే నీటి గిన్నె మీద వంగితే కాలే ప్రమాదం ఉంది. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి ఆ ఆవిరి పీల్చడం మేలు.

ఇక చుక్కల సంగతి. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ వంటివి రక్తనాళాలను కుదించి నిమిషాల్లో దారి తెరుస్తాయి. అయితే వరుసగా కొన్ని రోజులు వాడితే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటి కన్నా ఎక్కువగా బిగుసుకుపోతుంది. నెలల పాటు ఉండే సమస్యకు అలాంటి మందు అలవాటు కావడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. ముక్కు దిబ్బడ తగ్గడానికి వేసుకునే, సూడోఎఫెడ్రిన్ అనే మందు ఉన్న మాత్రలు మొదటి మూడు నెలల్లోనూ, బీపీ ఉన్నవారూ వాడకూడదు.

జ్వరం, ముఖం నొప్పితో పాటు చిక్కటి పసుపుపచ్చ చీమిడి కనిపిస్తే అది సైనస్ ఇన్ఫెక్షన్ కావచ్చు కనుక డాక్టరుకు చూపించండి. ఆయాసం వస్తే ఆలస్యం చేయకండి. కొత్తగా గట్టిగా గురక వస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగుతున్నట్లు ఇంట్లోవాళ్లు గమనించినా మొహమాటపడకుండా చెప్పండి. అలాంటి గురకకూ గర్భిణుల్లో బీపీ పెరగడానికీ సంబంధం ఉంది కాబట్టి, వచ్చే చెకప్ దాకా ఆగకుండా బీపీ చూపించుకోండి.