బడి ఫీజు మిగిలింది, డబ్బు మిగలలేదు

ప్రశ్న: మాది కావలి. మా వారు అల్లూరు వైపు చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు సాగు చేస్తారు. నేను తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా చేసి ఏప్రిల్‌లో మానేశాను. నెలకు 14,000 జీతం. మా బాబుకు పదమూడేళ్ళు. ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆరో తరగతి నుంచీ పెట్టిన ఒత్తిడికి వాడికి నిద్ర కరువైంది. అందుకని ఈ జూన్ నుంచి వాడినీ, పాపనూ ఇంట్లోనే చదివిస్తున్నాం. పాపకు నవంబరులో పదేళ్ళు నిండుతాయి. ఇద్దరి ఫీజులు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఏడాదికి 1,35,000 మిగులుతాయని లెక్క వేసుకున్నాం. తీరా చూస్తే మొదటి వారానికే చేతిలో ఏమీ లేదు. వారపు పట్టిక, ఖర్చుల జాబితా పంపుతున్నాను. నా పీఎఫ్ ఖాతాలో సుమారు రెండు లక్షలున్నాయి. ఇప్పుడు తీసి వాడుకోవచ్చా? ట్యూషన్లకు పన్ను మినహాయింపు ఉంటుందా?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. నిద్రపోలేని పిల్లవాడిని ఆ ఒత్తిడి నుంచి బయటికి తీసుకురావడం మంచి నిర్ణయం. ఇంటి చదువును మానేయమని నేను చెప్పను. అది ఆగకుండా సాగాలంటే డబ్బు ఎలా నిలబడాలన్నదే నా జవాబు.

మీ వారపు పట్టికను పక్కన పెట్టుకుని లెక్క వేశాను. సోమ, గురువారాల్లో లెక్కల మాస్టారు ఇంటికి వస్తారు, నెలకు 3,000. మంగళ, శుక్రవారాల్లో పాపకు కూచిపూడి, 1,200. బుధవారం, శనివారం ఉదయం బాబుకు షటిల్, 1,500. శనివారం మధ్యాహ్నం ఇద్దరినీ రైలెక్కించి నెల్లూరులో రోబోటిక్స్ తరగతికి తీసుకెళ్తున్నారు. దాని ఫీజు 4,000, ప్రయాణానికీ టిఫిన్లకూ 1,600. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు సంభాషణ, 1,800. ఇవి కాక 42,000 పెట్టి కొన్న ఏడాది కోర్సుకు నెలకు 3,500 కిస్తీ. మొత్తం నెలకు 16,600, ఏడాదికి 1,99,200. ట్యాబ్, ప్రింటర్, బల్ల, కుర్చీలు, పుస్తకాలకు జూన్ మొదటి వారంలో పెట్టిన 40,900 కూడా కలిపితే 2,40,100. బడికి కట్టేదానికంటే లక్షకు పైగా ఎక్కువ.

ఇంకో ఖర్చు మీ జాబితాలో లేదు. అది మీ జీతం, ఏడాదికి 1,68,000. ఇంటి చదువు మొదలుపెట్టిన చాలా కుటుంబాలు పుస్తకం కొన్న పది రూపాయలూ రాస్తాయి కానీ తల్లి వదులుకున్న జీతాన్ని రాయవు. అది చేతిలోంచి పోయినట్టు కనిపించదు, రావలసినది రాకుండా ఆగిపోతుందంతే. కానీ మీ పిల్లల చదువుకు మీ ఇల్లు కడుతున్న అసలైన ఫీజు అదే. దాన్ని కూడా కలిపితే ఈ ఏడాది చదువు ఖర్చు 4,08,100. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంత పెద్ద ఫీజు కట్టి ఒక మంచి టీచరును ఇంట్లో పెట్టుకున్నప్పుడు, ఆ టీచరు చెప్పగలిగిన పాఠానికే మళ్ళీ బయట డబ్బు కట్టడం దేనికి? తొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మీ ఇంట్లో ఇంగ్లీషు సంభాషణ తరగతికి 1,800 పోవడం నాకు బాధ కలిగించింది.

ఇక ఆదాయం వైపు చూద్దాం. ఒక ఏడాది రెండు పంటలకూ కలిపి 9 లక్షలు మిగిలాయనీ, నిరుడు 5 లక్షలే చేతికొచ్చాయనీ రాశారు. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతు పడిన దిగులు మీకు తెలియనిది కాదు. తెల్లమచ్చ రోగం తగిలితే ధరతో పనిలేకుండానే పంట పోతుంది. అందుకే రొయ్యల సాగు మీద బతికే ఇంటికి బడ్జెట్ వేసేటప్పుడు మంచి ఏడాదిని పక్కన పెట్టి చెడ్డ ఏడాదినే లెక్కలోకి తీసుకుంటాను. 5 లక్షలంటే నెలకు సుమారు 41,600. ఇంటి ఖర్చు 24,000, చదువులకు 16,600. మిగిలేది వెయ్యి రూపాయలు. డబ్బు ఎక్కడికి పోతోందన్న మీ ప్రశ్నకు సమాధానం ఇదే.

ఇంటి ఖర్చు కూడా ఈ మధ్యే 20,000 నుంచి 24,000 అయిందని రాశారు. దానికి కారణం మీ పట్టికలోనే ఉందని నా అనుమానం. వారంలో ఒక్క సాయంత్రం కూడా ఖాళీ లేదు. తరగతి నుంచి తరగతికి పిల్లలను తిప్పి ఇంటికి చేరేసరికి పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు. కర్రీ పాయింట్ నుంచి కూరలు, దారిలో టిఫిన్లు, ఆటో ఛార్జీలు అలా చేరతాయి. ఖాళీ లేని వారం ఖరీదైన వారం. బడి మాన్పించింది పిల్లవాడికి ఊపిరాడాలని కదా, ఆ ఊపిరి మీకూ ఆడాలి.

కాబట్టి దసరా దాకా ఇలా చేయండి. లెక్కల మాస్టారు, కూచిపూడి, షటిల్ ఉంచండి. మొత్తం 5,700. బాబుకు లెక్కల్లో బయటి మనిషి తోడు అవసరమని మీరే రాశారు, ఆట వాడికి నిద్ర పట్టిస్తుంది, పాప నాట్యాన్ని ఇష్టపడుతోంది. ఇంగ్లీషు తరగతీ, రోబోటిక్సూ ఆపండి. శనివారం మీ చేతికి తిరిగి వస్తుంది. ఆ శనివారాన్ని నెలకు ఒకటి రెండు సార్లు మీ వారి చెరువు గట్టు మీద గడపండి. బాబుకు అంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. చెక్ ట్రేలో (చెరువులోకి దించే మేత పళ్ళెంలో) మిగిలిన మేత చూసి రేపటి మేత ఎంతో లెక్క కట్టడం, నీటి పీహెచ్, ఉప్పదనం కొలిచి పుస్తకంలో రాయడం, వేయి కిలోల రొయ్యకు 1,400 కిలోల మేత పడితే నిష్పత్తి 1.4 అని తేల్చడం, 40 కౌంటు (కిలోకు 40 రొయ్యలు) నుంచి 30 కౌంటుకు రొయ్య ఎదిగితే ఒక్కో రొయ్య బరువు 25 గ్రాముల నుంచి 33 గ్రాములు దాటుతుందని చూపడం, నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు విడదీయడం, ఇవన్నీ ఎనిమిదో తరగతి గణితమే. పుస్తకాలకైతే ఎన్‌సీఈఆర్‌టీ, రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వాటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. కథల పుస్తకాలకు ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో పిల్లలిద్దరికీ సభ్యత్వం తీసుకోండి.

ఏడాది కోర్సు సంగతి వేరు. కొన్నప్పుడు ఇచ్చిన పత్రంలో ఎన్ని రోజుల లోపు రద్దు చేసుకోవచ్చో ఉంటుంది. ఈ రోజే చూడండి, గడువు ఉంటే ఈమెయిల్ ద్వారా రద్దు కోరండి, ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. గడువు దాటితే కిస్తీలు కట్టక తప్పదు, మధ్యలో ఆపితే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. వడ్డీ లేని కిస్తీ అని చెప్పినా క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. ఇంకో తేడా కూడా గమనించండి. బడి ఫీజుకు జీఎస్టీ లేదు. కోచింగ్ సంస్థల ఫీజుకు 18 శాతం ఉంది. ఇంటికొచ్చే మాస్టారిలాంటి వారు ఏడాదికి 20 లక్షల లోపు సంపాదిస్తే జీఎస్టీ పరిధిలోకే రారు. ఇంటి చదువు కుటుంబాలు సంస్థల కంటే మనుషులను వెతుక్కోవడానికి ఇదొక కారణం.

పన్ను మినహాయింపు గురించి. లెక్కకు వచ్చేది పాత పన్ను విధానంలో బడికీ కాలేజీకీ కట్టిన ట్యూషన్ ఫీజు మాత్రమే. ఇంటి ట్యూషన్లకు వర్తించదు. మీకు దానితో నష్టమేమీ లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. అయితే రొయ్యల సాగు ఆదాయం వ్యవసాయ ఆదాయం కింద రాదు, వ్యాపార ఆదాయమే. మీ వారు రిటర్ను దాఖలు చేయడం మానవద్దు.

ఇక పీఎఫ్. తీయకండి. ఆ రెండు లక్షలు మీ జీతంలో మిగిలిన చివరి ముక్క. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఉద్యోగం మానేశాక కూడా 58 ఏళ్ళ దాకా ఖాతాలో వడ్డీ పడుతుంది, మానేసిన తరువాతి వడ్డీకి మాత్రం పన్ను లెక్క ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది పింఛను. పదేళ్ళ సర్వీసు ఉంటేనే 58 ఏళ్ళకు ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుకు అర్హత. మీది తొమ్మిదేళ్ళు. పాస్‌బుక్కులో నెలలు లెక్కపెట్టండి, ఆరు నెలలూ ఆ పైన ఉంటే పూర్తి ఏడాదిగా తీసుకుంటారు. తొమ్మిదిన్నర నిండి ఉంటే మీకు అర్హత వచ్చేసినట్టే. నిండకపోతే ఫారం 10సీ ద్వారా డబ్బుకు బదులు స్కీము సర్టిఫికెట్ కోరండి. పిల్లలు పెద్దయ్యాక మీరు మళ్ళీ ఏ బడిలోనైనా చేరితే ఈ తొమ్మిదేళ్ళూ దానికి కలుస్తాయి. ఇప్పుడు ట్యాబ్ కోసమో కోర్సు కోసమో ఆ పింఛను సొమ్ము కూడా తీసేస్తే ఆ తొమ్మిదేళ్ళ పని తుడిచిపెట్టుకుపోతుంది. మీ వారితో ఈ విషయం కూర్చుని మాట్లాడండి.

ఇంటికి 24,000, చదువులకు 5,700 కలిపి ఖర్చు 29,700కు దిగితే చెడ్డ ఏడాదిలోనూ నెలకు 11,900 మిగులుతుంది. కోర్సు రద్దు కాకపోతే కిస్తీలు తీరేదాకా 8,400. ముందుగా డబ్బు నడిచే దారి మార్చాలి. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మిన) డబ్బు రాగానే మేత డీలరు బాకీ, కౌలు, కరెంటు తీర్చి, తరువాతి పంట సీడుకూ (రొయ్య పిల్లలకూ) మేతకూ తీసి పెట్టి, మిగిలినది వేరే ఖాతాలో వేయండి. దాన్నుంచి నెలకోసారి జీతంలా ఇంటి ఖాతాకు పంపండి. చెరువు డబ్బూ ఇంటి డబ్బూ ఒకే ఖాతాలో కలిసి ఉంటే పంట వచ్చిన నెలలో తరగతులు పెరుగుతాయి, రాని నెలలో అప్పు పెరుగుతుంది.

ఆ 11,900లో 2,500 మీ పేరున పీపీఎఫ్‌కు వెళ్ళాలి. అది మీకు చేసే ఉపకారం కాదు, మీరు వదులుకున్న జీతానికి ఈ కుటుంబం కట్టవలసిన వాటా. 4,000 అత్యవసర నిధికి. ఆరు నెలల ఖర్చు, అంటే 1,78,000 వరకు అది పెరగాలి. నెలనెలా వేస్తే ఆలస్యమవుతుంది కాబట్టి ఏ పట్టుబడి బాగా పడితే ఆ మిగులంతా ముందు దీనికే. మీకు జబ్బు చేసినా, బాబు మళ్ళీ బడికి వెళ్తానన్నా ఆ ఏడాది ఫీజు దీనిలోనుంచే రావాలి. విద్యా హక్కు చట్టం ప్రకారం 14 ఏళ్ళ దాకా ప్రభుత్వ బడిలో వయసుకు తగిన తరగతిలో ఉచితంగా చేర్చుకోవాలి, ఆ దారి కూడా గుర్తుంచుకోండి. టీసీ, పాత మార్కుల పత్రాలు జాగ్రత్త. బాబు పేరున 2,000 రికరింగ్ డిపాజిట్. వాడు పదో తరగతిని ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా కానీ ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా కానీ రాయవచ్చు, రెండింటికీ కనీస వయసు 14. వయసు రాగానే రాయించాలని తొందరపడవద్దు. ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే ఐదేళ్ళలో సబ్జెక్టులను విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. ఒత్తిడి నుంచి బయటపడిన పిల్లవాడికి ఇది పెద్ద ఊరట.

1,400 బీమాకు. మీ వారి మీద టర్మ్ పాలసీ లేకుండా ఈ ఏర్పాటంతా ఒక్క మనిషి ఆరోగ్యం మీద నిలబడి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ తీసేశారు. టర్మ్ పాలసీ వచ్చేలోగా బ్యాంకులో ఇద్దరూ ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా), సురక్ష బీమా (20 రూపాయలు, ప్రమాదానికి 2 లక్షలు) తీసుకోండి. 50 ఏళ్ళ లోపు ఉంటేనే జీవన్ జ్యోతిలో చేర్చుకుంటారు.

మీ ఉత్తరం చదివి పిల్లలను బడి మాన్పించాలని ఆలోచించే ఇతర పాఠకులు ఒక్కటి చూసుకోవాలి. తల్లికి వందనం పథకానికి అర్హత ఉన్న ఇంట్లో బడికెళ్ళే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000 లెక్కన, బడి నిర్వహణకు 2,000 పోను, తల్లి ఖాతాలో 13,000 పడుతుంది. దానికి 75 శాతం హాజరు కావాలి. బడి మాన్పిస్తే ఆ మొత్తాన్ని కూడా వదులుకున్నట్టే.

మళ్ళీ మీ లెక్కకు వస్తే, ఆ 11,900లో మిగిలిన 2,000 పాపకు, సుకన్య సమృద్ధి ఖాతాలో. దీనికి వాయిదా కుదరదు. పదేళ్ళు నిండకముందే ఖాతా తెరవాలి, పాపకు నవంబరులో నిండుతాయి. 250 రూపాయలతో తెరవవచ్చు, ఏడాదికి 1,50,000 దాకా వేసుకోవచ్చు. 2024 జనవరిలో వడ్డీని 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది. పదిహేనేళ్ళు జమ చేయాలి, తెరిచిన 21 ఏళ్ళకు గడువు తీరుతుంది. పాపకు 18 ఏళ్ళు వచ్చాక లేదా పదో తరగతి పాసయ్యాక పై చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. ఈ వారమే ఒక ఉదయం పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్, ఫొటోలు తీసుకుని పోస్టాఫీసుకు వెళ్ళండి. పాపను కూడా వెంట తీసుకెళ్ళి ఫారం తన చేతే నింపించండి, సంతకం మీరు పెట్టండి.