మూత్ర పరీక్షకు వెళ్లేముందు మందుల చీటీ దగ్గర పెట్టుకోండి

అమెరికాలో ఉద్యోగంలో చేరేముందు మూత్ర పరీక్షకు రమ్మన్నారని, దగ్గుకు వాడిన మందు వల్ల ఇబ్బంది వస్తుందేమోనని మీరు రాశారు. మత్తుమందుల జోలికే పోనివారికి ఈ పరీక్షతో భయమేమిటన్న ధీమా కొత్తగా వచ్చినవారందరిలో చూస్తుంటాను. నాకూ ఆ ధీమానే ఉండేది. దానివల్ల మొదటి జీతం అందడం బాగా ఆలస్యమైంది.

నేను తాగినది కోడీన్ అనే, నల్లమందు జాతి మందు కలిసిన దగ్గు సిరప్. కోడీన్‌లో కొంత భాగాన్ని కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ మార్ఫిన్‌గా మారుస్తుంది కనుక మూత్రంలో రెండూ కనిపిస్తాయి. తొలి దశలో యాంటీబాడీలతో చేసే ఇమ్యునోఎస్సే అనే పరీక్ష ఓపియేట్ల (కోడీన్, మార్ఫిన్ వంటి నల్లమందు జాతి మందుల) జాతిని పసిగడుతుందే గాని అది ఏ మందో తేల్చదు. తేల్చేది రెండో దశ: క్రొమటోగ్రఫీతో పదార్థాలను విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటరులో అణువుల, వాటి ముక్కల ద్రవ్యరాశిని బట్టి ఒక్కొక్కదాన్ని గుర్తించి కొలుస్తారు. హెరాయిన్ వాడినవారిలో కనిపించే 6-ఎసిటైల్‌మార్ఫిన్ కోడీన్ నుంచి పుట్టదు కాబట్టి, అది కనిపించకపోతే హెరాయిన్ అనుమానం చాలావరకు తగ్గుతుంది. అయితే ఆ కోడీన్ డాక్టరు రాసిచ్చినదా, కాదా అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. అది తెలుసుకోవడానికే మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే వైద్యుడు, కంపెనీకి ఫలితం చెప్పకముందే మనకు ఫోన్ చేస్తారు.

తెలియని నంబరని నేను ఆ ఫోన్ ఎత్తలేదు. తీరా మాట్లాడేనాటికి చీటీ దగ్గర లేదు. ఇండియా నుంచి డాక్టరు ఉత్తరం తెప్పించేలోపు చేరే తేదీ వాయిదా పడింది, అద్దె మాత్రం ఆగలేదు. జీతం రాని చోట తెచ్చుకున్న డబ్బు ఎంత త్వరగా కరిగిపోతుందో ఇంటి దగ్గరినుంచి లెక్కలు వేసుకునేవారికి అర్థం కాదు. ఎవరి ముందూ చేయి చాచకుండానే గట్టెక్కాను, కాని ఆ దిగులు మీకు అక్కర్లేదు.

చీటీని, సీసా మీది లేబులును ఫోటో తీసి ఉంచుకోండి, ఆ కొద్ది రోజులు వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తండి. నీళ్లు తెగ తాగి వెళ్లమనే స్నేహితుల మాట వినకండి. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపుంటే నమూనా పలచబడిందని అనుమానిస్తారు, మళ్లీ పరీక్షంటే మళ్లీ జీతం వెనక్కి పోవడమే. గసగసాలు తిన్నా మూత్రంలో ఓపియేట్లు కనిపించవచ్చు గాని, వాటి గురించి అంత బెంగ వద్దు: వాటివల్ల వచ్చే తప్పుడు నిందలను తగ్గించడానికే 1998లో ఫెడరల్ పరీక్షల్లో ఓపియేట్ల హద్దును మిల్లీలీటరుకు 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. మిగతా నిబంధనలు అధికారిక పత్రాల్లో ఉన్నాయి, మీరే చూసుకోగలరు. ఫలితం తేలి, చేరే తేదీ ఖాయమయ్యేవరకు పెద్ద అద్దె ఒప్పందంపై సంతకం పెట్టకండి.