పరోక్ష ప్రశ్న దగ్గర తొందరపడకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రోమ్ చరిత్ర చదవడం కోసం లాటిన్ మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పగానే గర్వంతో పాటు గుబులూ కలిగింది. సెమినరీలో ఏళ్ల తరబడి ఆ భాష చెప్పినవాణ్ణి కనుక పిల్లలు ఎక్కడ బోల్తా పడతారో నాకు తెలుసు. క్రియారూపాల పట్టికలు రోజూ వల్లె వేయి. నా భయమంతా పరోక్ష ప్రశ్నల గురించే, అంటే మరో వాక్యంలో ఇమిడిపోయే ప్రశ్నల గురించే.

'క్విద్ అగిస్?' అంటే 'ఏం చేస్తున్నావు?' అని. దాన్ని 'అడుగుతున్నాను' అనే 'రొగో' కింద చేరిస్తే 'రొగో క్విద్ అగాస్' అవుతుంది. క్రియ సబ్జంక్టివ్ అనే రూపంలోకి, అంటే మామూలుగా సందేహాన్నో కోరికనో తెలిపే రూపంలోకి మారుతుంది. 'రొగావీ' అని ప్రధాన క్రియ భూతకాలానికి వెళ్తే 'అగెరేస్' రావాలి. అప్పటికే జరిగిపోయిన పనిని గురించి అడిగితే 'ఏగిస్సేస్'. మనం 'ఏం చేస్తున్నావో' అని చివర ఓకారం తగిలించి ఊరుకుంటాం. అక్కడ ఆ బాధ్యత క్రియారూపానిదే.

సబ్జంక్టివ్ అంటే సందేహమని మొదటి పాఠాల్లో నేర్చుకున్నవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. క్రీ.పూ. 63లో సెనేట్ సమావేశంలో రోమ్ కాన్సుల్, గొప్ప వక్త అయిన సిసెరో, ప్రభుత్వంపై కుట్ర పన్నిన కాటిలీనుని నిలదీస్తూ, 'క్విద్ ప్రొక్సిమా, క్విద్ సుపెరియోరే నొక్తే ఏగెరిస్, ఉబి ఫుయెరిస్, క్వోస్ కొన్వొకావెరిస్' అంటాడు. తెలివైన కుర్రాడొకడు దాన్ని 'ఏం చేసి ఉంటావో, ఎక్కడ ఉండి ఉంటావో' అని తెలుగు చేసి తెచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్న రాత్రి, మొన్న రాత్రి నువ్వేం చేశావో, ఎక్కడున్నావో, ఎవరెవరిని పిలిపించావో మాలో ఎవరికి తెలియదనుకుంటున్నావని కదా ఆయన అడిగింది! కొడవళ్లు చేసేవాళ్ల వీధిలో లేకా అనే తోటి కుట్రదారు ఇంటికి వెళ్లావని కాసేపటికే పేరుపెట్టి చెప్పేవాడికి అనుమానమెక్కడిది? ప్రశ్న మరో వాక్యంలో ఇమిడింది కనుక సబ్జంక్టివ్ వచ్చింది, అంతే. ఆ కుర్రాడు నిందను కాస్తా ఊహగా మార్చేశాడు.

నీకూ సగం వాక్యం చదివి మిగతాది ఊహించే అలవాటుంది. కథల పుస్తకాలు చివరి పేజీ నుంచి చదివే నిన్ను కోప్పడుతూనే ముచ్చటపడేవాణ్ణి. లాటిన్ దానికి ఒప్పుకోదు, తల్లీ. ప్రధాన క్రియను పట్టుకున్నాకే మిగతావాటిని ముట్టుకో.

నేరు ప్రశ్నలో 'కాదు' అనే జవాబును ఆశించే 'నుమ్' అనే ప్రశ్నపదం, పరోక్ష ప్రశ్నలో మామూలు 'అవునో కాదో' మాత్రమే. సిసెరోకు చాలా ముందుకాలపు హాస్యనాటక కర్త ప్లౌటస్ నాటకాల్లో సబ్జంక్టివ్‌కు బదులు ఇండికేటివ్ (ఉన్నదున్నట్టు చెప్పే మామూలు క్రియారూపం) కనిపిస్తే బెంబేలెత్తకు. ఆయన నాటికి ఈ కట్టుబాటు ఇంకా బిగుసుకోలేదు.

ప్రతి వారం కొన్ని వాక్యాలు కాగితం మీద రాసి పోస్టులో పంపు, దిద్ది పంపుతాను. ఫోన్‌లో ఫోటోలు పంపకు, నా కళ్లకు ఆనవు.

మీ మామయ్య