గాల్లో బొమ్మ చూసి కోర్సు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మావాడు ఇంటర్ ఎంపీసీ సెకండియర్. గాల్లో తేలే బొమ్మల వీడియోలు చూసి ‘హోలోగ్రామ్ ఇంజినీరింగ్’ చేస్తానంటున్నాడు. ఒక కాలేజీలో ఆ స్పెషలైజేషన్ ఉందట. మా బావమరిది కొడుకు సీఎస్‌ఈ చేసి మంచి ప్యాకేజీ తెచ్చుకున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మొన్నటిదాకా మెటావర్స్ అన్నారు, ఇప్పుడు హోలోగ్రామ్. పేరు మారినా నా దగ్గరికి వచ్చే భయం ఒక్కటే: సీఎస్‌ఈ వదిలితే పిల్లాడు వెనకబడతాడేమోనని.

ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. వెలుతురు గాల్లో ఊరికే ఆగదు. దేనికో తగిలి మన కంటికి చేరాలి. 2022 జనవరిలో ఇండియా గేట్ దగ్గర కనిపించిన 28 అడుగుల నేతాజీ ‘హోలోగ్రామ్’ వెనక ఉన్నవి 30,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు, కంటికి ఆనని పారదర్శక తెర. 2014 ఎన్నికల ప్రచారంలో మోదీ ఒకేసారి చాలా ఊళ్లలో ప్రత్యక్షమైందీ 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన వేదిక మీద దయ్యాన్ని చూపించిన అద్దం ట్రిక్కు లాంటిదే. షాపుల్లో తిరిగేదైతే ఎల్‌ఈడీలు బిగించిన ఫ్యాను, అంతే! తెర లేకుండా చేసినవాళ్లూ ఉన్నారు. 2018లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీవాళ్లు లేజర్‌తో ఒక నలుసును పట్టి, గాల్లో వేగంగా తిప్పి బొమ్మ గీశారు. అదీ సెంటీమీటర్ల లెక్కలోనే.

ఇంకా ల్యాబులు దాటని విద్యకు ఇంటర్ కాగానే నాలుగేళ్ల డిగ్రీ ఏమిటన్నది నా అనుమానం. ఆ కాలేజీకి వెళ్లి ఆప్టిక్స్ ల్యాబ్, అంటే కాంతితో ప్రయోగాలు చేసే గది, చూపించమనండి. కంప్యూటర్ల గదిలోకి తీసుకెళ్తే వెనక్కి వచ్చేయండి.

ఇక మీ గురించి. మీ ప్రశ్నలో బావమరిది కొడుకు ప్యాకేజీ ఉంది. మీవాడికి ఫిజిక్స్ ఎంత ఇష్టమో ఒక్క ముక్క లేదు. వాడిని కూర్చోబెట్టి ఎప్పుడైనా అడిగారా?

భయపడాల్సింది ఏమీ లేదు. ఫిజిక్స్ ఇష్టమైతే ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లోనే చెబుతారు. ఈసీఈ చేసినా తర్వాత ఫోటోనిక్స్ (కాంతితో పనిచేసే టెక్నాలజీ) వైపు వెళ్లొచ్చు, కొచ్చిన్ యూనివర్సిటీకి అందులో మంచి పేరుంది. సీఎస్‌ఈలో చేరినా దారి మూసుకుపోదు. వస్తువు నుంచి వచ్చే కాంతిని ఉన్నదున్నట్టు తిరిగి పుట్టించే అసలు సిసలు హోలోగ్రామ్‌ను కంప్యూటర్‌లో లెక్కగట్టడమే పెద్ద పని. ఏ బ్రాంచి గొప్పదో తేల్చమన్నారు కానీ, మీవాడి విషయంలో ఆ తేడా మీరు అనుకున్నంత లేదు.

ఈ ఆదివారం పారదర్శక ప్లాస్టిక్ షీటు కత్తిరించి ఫోన్ మీద బోర్లించే చిన్న పిరమిడ్ చేయమనండి. యూట్యూబ్‌లో దానికి సరిపోయే వీడియోలు బోలెడు. బొమ్మ గాల్లో ఉన్నట్టు ఎందుకు కనిపిస్తోందో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెబితే సరే, తడబడి పుస్తకం తెరిచినా సరే. ‘అబ్బ, భలే ఉంది’ అని ఊరుకుంటే మాత్రం ఆ కాలేజీకి అడ్వాన్సు కట్టకండి.